పాత మెయిల్ సర్వర్లను కొత్త సాఫ్ట్‌వేర్ నిరాకరించడం న్యాయమేనా?

కృష్ణాతీరం:
మా విద్యాసంస్థ మెయిల్ సర్వర్ సెంట్‌ఓఎస్ 5 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోంది. ఈ మధ్య అధ్యాపకులకు కొత్త ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, వాటిలో తాజా మెయిల్ సాఫ్ట్‌వేర్ వేశాము. పాత కంప్యూటర్లలో మెయిల్ ఎప్పటిలాగే వస్తోంది, కొత్తవాటిలో ఒక్కటీ దిగడం లేదు. పాస్‌వర్డ్ తప్పేమోనని అందరూ మార్చుకుంటూ కూర్చున్నారు. చివరికి లాగ్‌లో కారణం దొరికింది. ల్యాప్‌టాప్‌కూ సర్వర్‌కూ మధ్య వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్షన్) పద్ధతి టీఎల్ఎస్. మా సర్వర్‌కు తెలిసినది దాని 1.0 వెర్షన్ ఒక్కటే. కొత్త సాఫ్ట్‌వేర్ 1.2 కంటే తక్కువకు ఒప్పుకోదు.

సర్వర్ మాది, మెయిల్ మాది, ప్రమాదం ఉంటే అది కూడా మాదే. మరి మధ్యలో సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు మా తరఫున నిర్ణయం ఎలా తీసుకుంటారు? సర్వర్ మార్చాలంటే యాజమాన్యం డబ్బు మంజూరు చేయాలి, ఏళ్ల తరబడి పోగుపడిన మెయిల్ తరలించాలి. హెచ్చరించండి, కాదనను. కానీ తలుపు మూసే హక్కు వారికి ఎక్కడిది?

తంతివార్త:
తలుపు ఒక్కరోజులో మూయలేదండీ. టీఎల్ఎస్ 1.0 పుట్టింది 1999లో, 1.2 వచ్చింది 2008లో. సర్వర్లలో టీఎల్ఎస్ పని చేసిపెట్టే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో 1.2 చేరింది 2012లో. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా నాలుగూ 1.0, 1.1లను తమ బ్రౌజర్ల నుంచి తీసేస్తామని 2018 అక్టోబరులోనే ప్రకటించాయి. మెయిల్ సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్ 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి 1.2ను కనీస స్థాయిగా పెట్టుకుంది. 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8996 ఆ రెండు పాత వెర్షన్లనూ అధికారికంగా పక్కనపెట్టింది. ఇంతకంటే ముందుగా ఎవరు చెప్పగలరు?

ఇక మీ సెంట్‌ఓఎస్ 5కు మద్దతు 2017 మార్చిలో ముగిసింది. అంటే ఆ తర్వాత బయటపడిన ఏ లోపానికీ మీ సర్వర్‌లో మరమ్మతు జరగలేదు. టీఎల్ఎస్ గొడవ మీకు కనబడిన లక్షణం మాత్రమే, జబ్బు వేరే.

"ప్రమాదం మాదే" అన్న మాటను నేను గట్టిగా కాదంటాను. ఆ పెట్టెలో విద్యార్థుల మార్కుల జాబితాలు, ఆధార్ నకళ్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉంటాయి. వాటికి ముప్పు వస్తే నష్టపోయేది వాళ్లు. వాళ్లను ఎవరూ అడగలేదు.

నీలిసిరా:
తేదీలు అన్నీ నిజమే. అయితే పాతదాన్ని నిరాకరిస్తే భద్రత దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకం మెయిల్ విషయంలో అన్నిచోట్లా నిలవదు.

ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు ఉత్తరం వెళ్లే 25వ పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే నంబరున్న ద్వారం) సంగతి చూడండి. అక్కడ సాధారణంగా ఎన్‌క్రిప్షన్ కుదిరితే వాడుకుంటారు, కుదరకపోతే ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు, ఎవరైనా చదవగలిగేలా పంపేస్తారు. ఇప్పుడు మనం 1.0ను నిషేధించామనుకోండి. అవతలి పాత సర్వర్‌కు వెళ్లే ఉత్తరం చాలా సందర్భాల్లో ఆగదు, ఏ రక్షణా లేకుండా వెళ్తుంది. దారిలో కూర్చున్న ఎవరైనా చదువుకోవచ్చు. బలహీనమైన తాళాన్ని తీసేసి, ఏ తాళమూ లేని స్థితికి చేరుకున్నాము. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ 3.6 కూడా డీఫాల్ట్‌గా 1.0ను అనుమతిస్తూనే వచ్చింది, గమనించండి.

రెండో సంగతి. 1.0కు పెద్ద అపకీర్తి తెచ్చిన బీస్ట్ దాడి 2011 నాటిది. అది పనిచేయాలంటే దాడి చేసేవారు బాధితుల బ్రౌజర్‌లో తమ కోడ్ నడిపి, తాము ఎంచుకున్న సమాచారాన్ని పదే పదే పంపించగలగాలి. ఐమ్యాప్ (మెయిల్ చదువుకునే పద్ధతి) సర్వర్‌తో మాట్లాడే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఆ అవకాశం దాదాపు లేదు. బ్రౌజర్ల కోసం తీసుకున్న నిర్ణయాన్ని మెయిల్ మీద అలాగే రుద్దడం తొందరపాటని నా అభిప్రాయం.

తంతివార్త:
25వ పోర్టు గురించి మీతో ఏకీభవిస్తాను. కానీ కృష్ణాతీరం గారు అడిగినది దాని గురించి కాదు. రెండు సర్వర్లు మాట్లాడుకునే చోట సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు, నిర్ణయం తీసుకోవడానికి ఎదురుగా మనిషీ ఉండరు. ల్యాప్‌టాప్‌కూ సర్వర్‌కూ మధ్య అలా కాదు. మెయిల్ చూడటానికి సాఫ్ట్‌వేర్ సర్వర్‌ను కలిసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ ఆ దారినే వెళ్తుంది. అధ్యాపకులు రైల్వే స్టేషన్ వైఫైలో కూర్చున్నా వెళ్తుంది. పైగా బీస్ట్ ఒక్కటే కారణం కాదు. 1.0, 1.1లలో హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో రెండు వైపులా కుదుర్చుకునే ఒప్పందం) రక్షణ ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 అనే, సమాచారం మారలేదని సరిచూసే పద్ధతుల మీద ఆధారపడి ఉంది. ఆ రెండూ బలహీనపడ్డాయని తేలిపోయింది. కాబట్టి ఇక్కడ నిరాకరణే సరైనది.

మల్లెపొద:
నేను సహాయ కేంద్రంలో ఫోన్లు ఎత్తే పని చేస్తాను, అక్కడ కనిపించేది చెబుతాను. మెయిల్ రాకపోతే జనం సర్వర్ మార్చరు. కనెక్షన్ భద్రత అన్నచోట "ఏదీ వద్దు" ఎంచుకుంటారు, 143వ పోర్టు పెడతారు, మెయిల్ వచ్చేస్తుంది. ఇక ఆ అమరిక ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, పాస్‌వర్డ్ బహిరంగంగా ప్రయాణిస్తూ ఉంటుంది. 1.0ను నిరాకరించిన సాఫ్ట్‌వేరే ఏ ఎన్‌క్రిప్షనూ లేని దారిని మాత్రం అనుమతిస్తోంది. ఈ పద్ధతిని ఎవరైనా సమర్థించగలరా?

నా దృష్టిలో నిరాకరించడం తప్పు కాదు, కారణం చెప్పకపోవడం తప్పు. "మీ పాస్‌వర్డ్ సరిగానే ఉంది. మీ సర్వర్ పాత పద్ధతిలో మాట్లాడుతోంది. సర్వర్ నడిపేవారికి ఈ సందేశం చూపించండి." ఈ మూడు వాక్యాలు తెర మీద కనిపిస్తే మాకు వచ్చే ఫోన్లలో చాలావరకు రావు.

థండర్‌బర్డ్‌లో కనీస వెర్షన్ అమరికను 3 (అంటే 1.2) నుంచి 1కి (అంటే 1.0కు) మార్చుకుంటే 1.0 మళ్లీ పనిచేస్తుంది. కానీ ఆ అమరిక అకౌంటు వారీగా ఉండదు, మొత్తం సాఫ్ట్‌వేర్‌కు ఒక్కటే. ఒక పాత సర్వర్ కోసం మార్చితే, పక్కన ఉన్న మీ సొంత మెయిల్ అకౌంటుకూ వర్తిస్తుంది.

నీలిసిరా:
చిన్న సవరణ. అమరిక తగ్గించినంత మాత్రాన మిగతా అకౌంట్లు 1.0కు దిగిపోవు. రెండు వైపులా తెలిసిన వాటిలో పెద్ద వెర్షన్‌నే ఎంచుకుంటాయి. 1.3 తెలిసిన సర్వర్‌ను ఎవరైనా బలవంతంగా కిందికి లాగితే పట్టుకునే గుర్తు కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. అయినా అకౌంటు వారీగా ఉండాలన్న మీ మాట సరైనదే. పాత ప్రింటర్లు, స్కానర్ల కోసం మైక్రోసాఫ్ట్ తన మెయిల్ సేవలో వేరే సర్వర్ చిరునామా పెట్టింది. నిర్వాహకులు కోరి తెరుచుకుంటే తప్ప అది పనిచేయదు. మినహాయింపు అంటే అలా ఉండాలి, ఎవరికి అవసరమో వారికే, తెలిసి తెరిచినప్పుడే.

ఉత్తరాలసంచి:
కృష్ణాతీరం గారూ, ఎవరిది న్యాయమన్నది తేలేలోగా మీ అధ్యాపకులకు మెయిల్ అందాలి కదా. పాత సర్వర్ ముందు ఒక కొత్త లినక్స్ యంత్రం పెట్టండి. దాని మీద ఎస్‌టన్నెల్ గానీ హెచ్‌ఏప్రాక్సీ గానీ నడపండి, ఇవి మధ్యవర్తిగా (ప్రాక్సీ) ఉండే సాఫ్ట్‌వేర్లు. బయటివారితో 993, 465 పోర్టుల్లో అది టీఎల్ఎస్ 1.2, 1.3లలో మాట్లాడుతుంది. లోపల పాత సర్వర్‌తో పాత భాషలోనే మాట్లాడుతుంది. దానికి కావలసిన గుర్తింపు సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ నుంచి ఉచితంగా దొరుకుతుంది. పాత సర్వర్ పోర్టులను బయటి ప్రపంచానికి మూసేయండి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. ఇకపై బయటి నుంచి వచ్చినవారందరూ పాత సర్వర్‌కు ఆ కొత్త యంత్రం ఐపీ నుంచి వచ్చినట్టే కనబడతారు. ఆ ఐపీ మీ నమ్మకమైన నెట్‌వర్క్ జాబితాలో ఉంటే, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా మీ సర్వర్ ద్వారా స్పామ్ పంపగలరు. ముందు దాన్ని ఆ జాబితా నుంచి తీసేసి, ఆ తర్వాతే పోర్టు తెరవండి.

ఇది తాత్కాలికమే. భద్రత సంగతి అలా ఉంచినా పాత సర్వర్ మనకు ఇంకోచోట అడ్డుపడుతుంది. తెలుగు లిపిలో మెయిల్ చిరునామా పెట్టుకోవచ్చు, .భారత్ డొమైన్ ఉంది. దానికి కావలసిన ఎస్ఎంటీపీయూటీఎఫ్8 ప్రమాణం 2012లో వచ్చింది, పోస్ట్‌ఫిక్స్ 2015లో 3.0 నుంచి దాన్ని అర్థం చేసుకుంటోంది. మీ సర్వర్‌కు అది తెలియదు. తెలుగు చిరునామా ఉన్న విద్యార్థి రాస్తే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది. ముందు ఎన్ని ప్రాక్సీలు పెట్టినా ఇది తీరదు.

కృష్ణాతీరం:
ఉత్తరాలసంచి గారికి కృతజ్ఞతలు. ఈ వారమే ప్రాక్సీ పెడతాను. మీరు చెప్పిన జాబితాలో మా లోపలి నెట్‌వర్క్ మొత్తం ఉంది, కాబట్టి అదే ముందు సరిచేస్తాను. తర్వాత ఐమ్యాప్‌సింక్ అనే మెయిల్ తరలింపు సాధనంతో ఒక్కో విభాగం మెయిల్‌ను కొత్త సర్వర్‌కు తరలించే ప్రతిపాదన రాసి యాజమాన్యానికి ఇస్తాను. విద్యార్థుల సమాచారం గురించి తంతివార్త గారు అన్న మాటను అందులో మొదటి పేరాగా పెడతాను, డబ్బు మంజూరు చేయించేది అదే.

అసలు ప్రశ్న మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. అకౌంటు వారీగా, గడువు పెట్టి, కారణం స్పష్టంగా రాసి పాత సర్వర్‌కు అనుమతి ఇచ్చే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. ఎన్‌క్రిప్షన్ ఏమీ లేకుండా వెళ్లనిచ్చే సాఫ్ట్‌వేర్ దీనికి కుదరదని అనడాన్ని నేను ఒప్పుకోలేను.

తంతివార్త:
గడువు నిజంగా గడువైతే నాకూ అభ్యంతరం లేదు. ఆరు నెలలు దాటాక దానంతట అదే మూతపడాలి, పొడిగించే బటన్ ఉండకూడదు. అలాగే ఎన్‌క్రిప్షన్ లేని దారిని కూడా అదే రోజున తీసేయాలి.