అప్‌డేట్: గడోలినియం పొడి 312 దగ్గర పలికింది

బొల్లి, సోరియాసిస్ చికిత్సలో వాడే యూవీ-బి అనే అతినీలలోహిత కాంతి కోసం నేను చేసిన గడోలినియం ఫాస్ఫర్ (గడోలినియం అనే లోహం కలిపిన, ఒక కాంతిని పీల్చి వేరే కాంతిని వెదజల్లే పొడి), 254 నానోమీటర్ల పాదరసపు దీపం కింద ఎందుకు స్పందించడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానం చెప్పినవారందరికీ నమస్కారం.

మీరన్నదే నిజం. గడోలినియం 274 దగ్గరి కాంతిని తీసుకుంటుంది, 254ను దాదాపు పట్టించుకోదు. అందుకే గడోలినియాన్ని కలిపే మూలపదార్థమైన లాంథనం బోరేట్‌లో బిస్మత్ అనే లోహం కూడా చేర్చాను. అది 254ను పీల్చుకుని ఆ శక్తిని గడోలినియానికి అందిస్తుంది. ఇంకో తప్పు తూకంలో జరిగింది. ముడిపదార్థమైన లాంథనం ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది. ఈసారి ముందుగా కాల్చి, చల్లారగానే తూచాను. అగేట్ కల్వంలో చేయి నొప్పెట్టేదాకా నూరాను.

బరంపురం ప్రయోగశాలలో మూస తెరిస్తే బియ్యప్పిండిలాంటి తెల్లని పొడి. దీపం కింద కంటికేమీ కనబడలేదు, అతినీలలోహితం కనబడదు కదా. కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా చూపే స్పెక్ట్రోమీటర్ తెర మీద మాత్రం, చికిత్సకు కావలసిన 312 నానోమీటర్ల దగ్గర సూదిమొనలా గీత లేచింది!

వెంటనే పర్లాకిమిడిలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. మచ్చలకు ఈ కాంతి పెట్టించుకోవడానికే ఆమె వారానికి మూడుసార్లు బస్సెక్కుతుంది. ఈ పొడి దీపంలోకి చేరడానికి ఇంకా చాలా దూరముంది. రేపటి నుంచి బిస్మత్ పాళ్లు మార్చి చూస్తాను.