హారర్ సినిమా రివ్యూలో లాజిక్ చూడాలా, భయం చూడాలా?

(ఒక చర్చలో వచ్చిన పోస్టులు ఇవి. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి గుర్తు.)

కాజీపేట డీజిల్ కాలనీ

హైదరాబాద్ నుంచి రాసే ఒక సినిమా విమర్శకుడిని ఐదారేళ్లుగా చదువుతున్నాను. పేరు రాయడం లేదు. నా పేచీ మనిషితో కాదు, ఆయన పద్ధతితో. కుటుంబ కథల మీద, రాజకీయ సినిమాల మీద ఆయన రాసింది చదివితే నాకు తట్టని సంగతి ఒక్కటైనా దొరుకుతుంది. దెయ్యం సినిమా వచ్చిందంటే మాత్రం రివ్యూ తెరవకుండానే చెప్పేయొచ్చు. మార్కులు రెండు, మహా అయితే రెండుంపావు. కింద వరసగా ప్రశ్నలు. ఆ పిల్ల అర్ధరాత్రి ఒక్కతే మేడ మీదికి ఎందుకు పోయింది? లైటెందుకు వేయలేదు? పోలీసులకు ఫోన్ ఎందుకు చేయలేదు?

పోయిన నెల వచ్చిన ఒక డబ్బింగ్ సినిమాకు కూడా ఇదే వరస. దాన్ని నేను హనుమకొండలో సెకండ్ షోకి చూశాను. అందులో ఒక సీన్ చెప్తాను. అమ్మాయి ముందు గదిలో ఫోన్ మాట్లాడుతుంటుంది. వెనక గదిలో నాయనమ్మ చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు. మనిషి కనపడదు, చప్పుడు ఒక్కటే. రెండు నిమిషాల పాటు ఆ ఫోన్ మాటలు మామూలువే, చదువు గురించి, హాస్టల్ గురించి. మాటల మధ్యలో ఎక్కడో చాట చప్పుడు ఆగిపోతుంది. అమ్మాయికి తెలియదు, మాట్లాడుతూనే ఉంటుంది. హాల్లో ఉన్న మాకు తెలిసింది. నా పక్కనాయన సమోసా నోటిదాకా తెచ్చి అట్లనే ఆపేశాడు. వెనక వరసలో అల్లరి చేస్తున్న పోరగాళ్లు ఒక్కసారిగా గప్‌చుప్. తెర మీద ఏమీ జరగలేదు. సంగీతం కూడా లేదు.

మన విమర్శకుడు ఈ సీన్ గురించి రాసింది ఒకే ముక్క: "అవసరం లేని ఫోన్ సంభాషణ."

నా ప్రశ్న ఇది. హారర్ సినిమాకు రివ్యూ రాసేవాళ్లు కథలో లాజిక్‌కు మార్కులు వేయాలా, భయాన్ని ఎట్లా పుట్టించారో చెప్పాలా? నేను రెండోదాని వైపు. 1992లో రాంగోపాల్ వర్మ తీసిన 'రాత్రి' కథ చెప్పమంటే రెండు వాక్యాల్లో అయిపోతుంది. ఇప్పటికీ నాకు గుర్తున్నది కథ కాదు, కెమెరా ఆ ఇంట్లో తిరిగిన తీరు, రేవతి ముఖం, ఆ సౌండ్. వీటి గురించి రాయకపోతే ఆ సినిమా గురించి ఏం రాసినట్టు?

లష్కర్‌బజార్

అన్నా, మీ సీన్ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక్క సీన్‌తో సినిమా అయిపోదు. పెళ్లాం పిల్లలతో పోతే టికెట్లు, పార్కింగ్, ఇంటర్వెల్‌లో తిండి కలిపి వెయ్యి దాటుతోంది. అంత పెట్టేవాడికి "కథ అతికిందా లేదా" అని చెప్పేవాడు ఒకడు కావాలి. ఆయన ఆ పని చేస్తున్నాడు.

దెయ్యం ఉండటం లాజిక్ కాదని నేననడం లేదు. దెయ్యం ఉందన్నావు, సరే, నమ్మాను. మరి దానికి ఒక పద్ధతి పెట్టు. ఫస్టాఫ్‌లో గోడలోంచి నడిచొచ్చిన దెయ్యం సెకండాఫ్‌లో హీరో తలుపుకు గొళ్లెం పెడితే బయటే ఆగిపోయిందంటే అది నన్ను మోసం చేయడమే. మీరు చెప్పే ఈ డబ్బింగ్ సినిమాలో కూడా క్లైమాక్స్ అదే బాపతు.

2022లో వచ్చిన 'మసూద' చూడండి. అందులో హీరో గోపీ పిరికివాడు. ఆ పిరికితనం మొదటి నుంచీ చూపించారు కాబట్టి అతను తడబడిన ప్రతిచోటా నాకు "ఎందుకిట్ల చేశాడు" అనిపించలేదు, "నేనైనా ఇంతే" అనిపించింది. భయం లాజిక్ మీదనే నిలబడింది. లాజిక్ లేకపోతే ఉలికిపాటు వస్తుంది, భయం రాదు. వెనక నుంచి ఎవరైనా పళ్లెం పడేస్తే కూడా ఉలిక్కిపడతాం.

ఇంకో మాట. 2013లో 'ప్రేమ కథా చిత్రమ్' ఆడిన తర్వాత కొన్నేళ్ల పాటు వారం విడిచి వారం అదే బంగళా, అదే నలుగురు దోస్తులు, అదే తెల్లచీర. అవన్నీ ఉద్యోగంగా కూర్చుని చూసిన మనిషికి విసుగు రావడం న్యాయమే.

కేయూ హాస్టల్

విసుగు రావడం న్యాయమే అన్నా, ఆ విసుగును తర్వాత వచ్చిన సినిమా మీద చూపించడం న్యాయం కాదు.

అమెరికా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 2004లో 'షావోలిన్ సాకర్' రివ్యూలో ఈ సంగతే తేల్చి చెప్పారు. ఆయన మాటల సారం ఇది: 'హెల్‌బాయ్' అనే కామిక్స్ హీరో సినిమా బాగుందా అని దోస్తు అడిగితే, 'మిస్టిక్ రివర్' లాంటి గంభీరమైన సినిమాతో పోల్చి చెప్పమని అడిగినట్టు కాదు, 'ది పనిషర్' అనే ఇంకో కామిక్స్ సినిమాతో పోల్చి చెప్పమని. ఏ జాతి సినిమాకు ఆ జాతిలోనే తూకం.

అదే ఎబర్ట్ 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' మీద 1969లో రాసింది చదవండి. అది 1968 సినిమా. పగటి ఆట, హాలు నిండా పిల్లలు. మొదట కేరింతలు, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం, పక్క వరసలో తొమ్మిదేళ్లుంటాయేమో, ఒక పాప కదలకుండా కూర్చుని ఏడవడం. ఆయన ముందుగా హాలును చూసి రాశారు. అంత చిన్న పిల్లల్ని ఈ సినిమాకు ఎట్లా రానిచ్చారని కూడా అడిగారు. డీజిల్ కాలనీ అన్న సమోసా సంగతి రాసినట్టే, చూసేవాళ్లకు ఏమైందో రాశారు.

మార్కుల మీద నమ్మకం ఉన్నవాళ్లకు ఒకటి చెప్తాను. చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డుల మొట్టమొదటి ఏడాదే స్టాన్లీ కుబ్రిక్‌ను చెత్త దర్శకుడిగా నామినేట్ చేశారు. సినిమా 'ది షైనింగ్'. ఇవ్వాళ ఏ హారర్ జాబితా చూసినా అది పైన ఉంటుంది.

కరీంనగర్ ఆపరేటర్

నేను ఇరవై రెండేళ్లుగా థియేటర్‌లో ప్రొజెక్షన్ పని చేస్తున్నాను. మీ వాదనలో ఎవరూ అనని మాట ఒకటి ఉంది. ఆ విమర్శకుడు ఆ చాట చప్పుడు విన్నాడని ఏమిటి నమ్మకం?

సౌండ్ ప్రాసెసర్ మీద ఫేడర్ అని ఉంటుంది, సున్నా నుంచి పది దాకా. సినిమాను మిక్స్ చేసేటప్పుడు 7ను లెక్కగా పెట్టుకుని చేస్తారు. 7 దగ్గర పెట్టి పరీక్ష శబ్దం ఇస్తే, తెర వెనక ఒక్కో స్పీకర్ నుంచి సీట్ల దగ్గరికి 85 డెసిబెల్స్ రావాలి. చాలా హాళ్లలో 5 మీదనో, ఇంకా కిందనో నడుస్తుంది. కారణం ఏమంటే, యాడ్లు, ట్రైలర్లు చెవులు పగిలేట్టు మిక్స్ చేసి పంపుతారు. జనం వచ్చి అరుస్తారు, మేనేజర్ తగ్గించమంటాడు, సినిమా మొదలైనాక మళ్లీ పెంచేవాడుండడు. 7 నుంచి 5కి దిగితే ఆరేడు డెసిబెల్స్ పోతాయి. ఫైట్ సీన్‌కు, పాటకు తేడా తెలియదు. హారర్ సినిమాకు ప్రాణం మెల్లటి చప్పుళ్లలో ఉంటుంది. అవి ఏసీ హోరులో కలిసిపోతాయి. చాట చప్పుడే వినపడనివాడికి అది ఆగిందని ఎట్లా తెలుస్తుంది? అతనికి అది నిజంగానే అవసరం లేని ఫోన్ సంభాషణ.

మీరు చూసిన హాల్లో ఎవరో ఫేడర్ ముట్టుకోలేదు, అదృష్టవంతులు. నేనడిగేది ఒకటే. రివ్యూలో సినిమా ఎక్కడ చూశారో, సౌండ్ ఎట్లుందో ఒక వాక్యం రాయండి. మా మేనేజర్లు కూడా చదువుతారు.

లష్కర్‌బజార్

ఇది నాకు తెలియని సంగతి. నేను ఆ సినిమా చూసిన చోట చాట చప్పుడు ఉన్నట్టే గుర్తులేదు. క్లైమాక్స్ మీద మాత్రం నా మాట మార్చుకోను.

ములుగు టీచర్

నాలుగు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఆగాను. మీరందరూ మెచ్చుకుంటున్న ఆ సీన్ గురించే నాకు బాధ.

ఆ సినిమాలో చివరికి తేలేది ఏమిటి? చాట పట్టుకున్న ఆ నాయనమ్మే మంత్రగత్తె. మనుమరాలి ప్రాణం తీసి తన ఆయుష్షు పెంచుకోవాలని చూస్తుంది. ఇప్పటిదాకా ఇంతమంది రాశారు, ఈ మాట ఒక్కరూ అనలేదు. ఆ విమర్శకుడు కూడా అనలేదు.

నేను పనిచేసే ఊళ్లో ఒక ముసలమ్మ ఉంది. ఒంటరి మనిషి. కామెర్లకు పసరు మందు పోస్తుంది. మూడేళ్ల కింద ఆ వాడలో ఒక పసిపిల్ల జ్వరంతో చనిపోయింది. పెద్దకర్మ కాకముందే ఆ ముసలమ్మే బాణామతి, అంటే చేతబడి, చేసిందని మాట పుట్టింది. పోచమ్మ గుడి ముందు తడిబట్టలతో నిలబెట్టి ప్రమాణం చేయించారు. పోలీసులొచ్చి చెప్పిపోయిన తర్వాత ఊరు ఊరుకుంది, మాట మాత్రం పోలేదు. మందు కోసం వెళ్లేవాళ్లు వెనక దారిన వెళ్తారు.

ఈ సినిమా ఫోన్లలోకి వచ్చాక మా మగపిల్లలు కొందరు కొత్త ఆట మొదలుపెట్టారు. చీకటి పడ్డాక ఆమె ఇంటి గోడ పక్కన నిలబడి పాత చాట మీద గోళ్లతో గీకుతారు. చెరిగినట్టు చప్పుడు. కొంతసేపు చేసి ఆపేస్తారు. ఆమె లోపల దీపం ఆర్పేసుకుంటుంది. సీన్ బాగా తీశారని వేరే రుజువు అక్కర్లేదు, పిల్లలకు అంత బాగా పట్టుబడింది.

మంత్రాల నెపంతో మనిషిని చంపారన్న వార్త మన జిల్లాల పేపర్లలో చదవని వాళ్లెవరు? కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. ఆ మహారాష్ట్రలో 2013 నుంచి చేతబడి పేరుతో హింసించడం మీద ప్రత్యేక చట్టం ఉంది. ఊరికే వచ్చిందా అది?

'విరూపాక్ష' సినిమా మొదట్లో చేతబడి చేశారని ఒక జంటను ఊరివాళ్లు తగలబెడతారు. ఆ సీన్ చూసి, మన కథ ఒకటి పెద్ద తెర మీదికి వచ్చిందనుకున్నాను. కాలుతున్న మనిషి శాపం పెడుతుంది, పన్నెండేళ్లకు ఊళ్లో చావులు మొదలవుతాయి. అంటే తగలబెట్టినవాళ్ల అనుమానానికి బలం దొరికినట్టే కదా? నేను చదివిన రివ్యూల్లో ట్విస్టు గురించి ఉంది, బీజీఎం (నేపథ్య సంగీతం) గురించి ఉంది. ఇది లేదు. మా అమ్మ తరంలో యండమూరి 'తులసిదళం' నవలను ఊరూరా చదువుతున్నప్పుడు రంగనాయకమ్మ గారు దాన్ని ఎంత గట్టిగా విమర్శించారో అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆమె చెప్పిందంతా ఒప్పుకోవాలని కాదు. చేతబడి కథ చదివి జనం ఏం నమ్ముతారని అడగడం విమర్శకుల పని అని ఆమె అనుకున్నారు.

లాజిక్కా, భయమా అని మీరు కొట్లాడుకుంటున్నారు. ఎవరిని చూసి భయపడమంటున్నారో కూడా చూడండి.

కాజీపేట డీజిల్ కాలనీ

మేడం, మీరు రాసింది రాత్రి చదివి జవాబు రాయలేక పడుకున్నాను. సెకండ్ షో నుంచి వచ్చి ఆ సీన్‌ను ఇంట్లో అందరికీ చెప్పాను. ఎంత బాగా తీశాడో అని చెప్పాను. మా అమ్మకు కూడా చెప్పాను. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు, రోజూ చాట పట్టుకునే మనిషి. ఆమె ఏమీ అనలేదు, లేచి లోపలికి పోయింది. అప్పుడు నాకు తట్టలేదు.

ఆ సీన్ బాగుందన్న మాట వెనక్కి తీసుకోను. బాగుంది కాబట్టే మీ ఊళ్లో అట్లయింది. ఊరికే దడిపించే సినిమా అయితే ఆ పిల్లలు మర్నాడే మరిచిపోయేవారు. విమర్శకుడి మీద నా ఫిర్యాదు కూడా పోలేదు, ఇంకా పెరిగింది. ఆ చాట చప్పుడు పనిచేసిన తీరును ఆయన పట్టించుకుని ఉంటే, దాన్ని ఎవరి చేతిలో పెట్టారన్న ప్రశ్నకు తప్పకుండా వచ్చేవాడు. అమ్మాయి లైటెందుకు వేయలేదని అడుగుతూ కూర్చుంటే అక్కడిదాకా పోయే దారే లేదు.

నేను ఆయనకు ఉత్తరం రాశాను. మూడు సంగతులు అడిగాను. సినిమా ఎక్కడ చూశారు, ఆ చప్పుడు వినపడిందా, ఆ నాయనమ్మ గురించి ఎందుకు రాయలేదు. జవాబు వస్తే ఇక్కడ పెడతాను.

కేయూ హాస్టల్

మేడం, మా డిపార్ట్‌మెంట్ వాళ్లం నలుగురం మీ ఊరికి వస్తాం. ఆ పిల్లలతో మాట్లాడతాం. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు.

ములుగు టీచర్

రండి తమ్ముడూ, శనివారం అయితే బాగుంటుంది.

నేను ఒక పని చేశాను. తొమ్మిదో తరగతి తెలుగు పీరియడ్‌లో ఆ సినిమా మీద ఒక పేజీ రాయమన్నాను. కథ రాయొద్దు, మార్కులు వేయొద్దు, మీకు ఎక్కడ భయమైంది, ఎందుకైంది, అంతే రాయండి అన్నాను. ముప్ఫై ఒక్క మంది రాశారు. చాలామంది క్లైమాక్స్ రక్తం గురించి రాశారు. గోడ దగ్గర ఆట ఆడేవాళ్లలో ఒకడు రాసింది వాడి మాటల్లోనే ఇక్కడ పెడుతున్నాను:

"చాట సప్పుడు ఆగినప్పుడు నాకు బయమైంది. మా నాయనమ్మ గూడ రోజు బియ్యం చెరుగుతది. సినిమా బందు చేసి లోపలికి పోయి చూసిన. ఆమె చెరుగుతనే ఉన్నది. నన్ను చూసి ఆకలైతుందా బిడ్డా అన్నది."