బడికి భయపడే పిల్లకి నానమ్మ కాపలా: కొనసాగించాలా, మాన్పించాలా?

కాకినాడ కోడలు:
మా పాప మూడో తరగతి. జూన్‌లో స్కూల్ మార్చాం, అప్పట్నుంచి పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, డాక్టర్ చూసి ఏం లేదన్నారు, ఆదివారం మాత్రం ఆ నొప్పి రాదు. మా అత్తయ్య రోజూ తనతోపాటు వెళ్లి గేటు లోపల వేపచెట్టు కింద ఇంటర్వెల్ దాకా కూర్చుంటున్నారు. నాలుగు నెలలైంది. మా ఆయనేమో "ఇలాగే సాగితే టెన్త్ పరీక్షలకి కూడా మా అమ్మే వెళ్లి కూర్చోవాలి" అని రోజూ గొడవ. మీరేమంటారు?

మొండిఘటం:
రేపట్నుంచే మాన్పించండి. నన్ను మా నాన్న సైకిల్ వెనక కూర్చోబెట్టి, ఏడుస్తుంటే అలాగే తీసుకెళ్లి క్లాసులో దింపేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాడు, వారం ఏడ్చాను, ఎనిమిదో రోజు మానేశాను. ఇప్పుడు యాంగ్జైటీ అని పేరొకటి పెట్టి పిల్లల్ని గాజుబొమ్మల్ని చేస్తున్నాం.

పాలమూరోడు:
ఏడుపు బందయితే భయం బందయినట్టు కాదన్నా. నేను ఐదో తరగతిల గురుకులంల చేరిన. లైట్లు తీసేసినంక దుప్పట్ల మూతి పెట్టి ఏడ్చేటోడిని, వార్డెన్ సారుకు నేను మంచిగ సెటిలైన పోరణ్ని. పక్క మంచం పోరడు ఒకదినం ఏం మాట్లాడకుంట వాని ట్రంకుపెట్టె జరిపి నా పెట్టెకు ఆనిచ్చి పెట్టిండు, ఇంటికెల్లి తెచ్చుకున్న సకినాల్ల సగం ఇచ్చిండు. గంతే. వాడు లేకుంటే గోడ దుంకి పోతుంటి. ఆ నానమ్మను ఎందుకు మాన్పిస్తరు?

క్లినిక్ కబుర్లు:
నేను పిల్లల కౌన్సెలింగ్‌లో పనిచేస్తాను, ఇద్దరితోనూ సగమే ఒప్పుకుంటా. తోడు పనిచేస్తుంది, అందులో డౌట్ లేదు. 2006లో అమెరికా సైకాలజిస్టు జేమ్స్ కోన్ బృందం, షాక్ తగలొచ్చని చెప్పి పెళ్లయిన ఆడవాళ్ల మెదడు స్కాన్ చేసి చూస్తే, భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు భయానికి స్పందించే భాగాలు బాగా నెమ్మదించాయి, ముక్కూమొహం తెలీనివాళ్ల చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది. కానీ ఆ చెయ్యి ఎటు నడిపిస్తుందన్నదే అసలు సంగతి. యేల్ యూనివర్సిటీలో ఎలి లెబోవిట్జ్ ఒక పద్ధతి తయారుచేశాడు, అందులో పిల్లలు క్లినిక్‌కి రానే అక్కర్లేదు, తల్లిదండ్రులే మారతారు. "భయంగా ఉందని తెలుసు, అయినా నువ్వు తట్టుకోగలవు" అంటూ, పిల్లల భయం కోసం తాము చేసిపెట్టే పనులు ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. పిల్లలకే నేరుగా థెరపీ ఇచ్చినంత ఫలితం దీనికీ వచ్చిందని 2020లో ప్రచురించారు. కాబట్టి అత్తయ్యగారిని ఒక్కసారిగా మాన్పించొద్దు, ముందు చెట్టు నుంచి గేటుకి, గేటు నుంచి వీధి మలుపుకి. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు.

బెజవాడ టీచర్:
చెట్టు, గేటు సరే, పాప దేనికి భయపడుతోందో ఎవరైనా అడిగారా? టీచర్ కొడుతోందేమో కనుక్కోండి, విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. ఇంకోటి, ఇంటర్వెల్ దాకానే ఎందుకు? లంచ్ దాకా ఎందుకు కాదు?

కాకినాడ కోడలు:
టీచర్ గారూ, మీ ప్రశ్న చదివాక నాకు బుర్ర తిరిగింది, ఇది నాకు తట్టనే లేదు. రాత్రి అత్తయ్య పాపకి నూనె రాసి జడ వేస్తుంటే అడిగాను. అక్కడ బాత్రూం గడియ బిగుసుకుపోతుందట, మొదటి వారంలోనే లోపల ఇరుక్కుపోయి ఎంత అరిచినా ఎవరూ రాలేదట. అందుకే ఇంట్లో పాలు తాగదు, స్కూల్లో నీళ్లు తాగదు. ఇంటర్వెల్‌లో అత్తయ్య వెళ్లి తలుపు బయట నిలబడి కబుర్లు చెబుతూ ఉంటే అప్పుడు వెళ్తుంది. ఆవిడకి మొదట్నుంచీ తెలుసు! ఎందుకు చెప్పలేదత్తయ్యా అంటే "మీరిద్దరూ మాన్పించాలా వద్దా అని కొట్టుకుంటున్నారుగానీ నన్నెవరడిగారే" అన్నారు.

పాలమూరోడు:
నానమ్మకు దండం 🙏 తలుపుకాడ నిలబడనీకె క్లాసుల ఒక దోస్తును చూడున్రి.

కాకినాడ కోడలు:
పది రోజుల తర్వాత రాస్తున్నా. పక్క బెంచీ పిల్లకి కూడా ఆ గడియంటే భయమేనట. ఇద్దరూ కలిసి వెళ్తున్నారు, ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట ఎక్కాలు చదువుతారట, గొంతు వినపడాలని. అత్తయ్య ఇప్పుడు ప్రేయర్ అయ్యేదాకానే ఉంటున్నారు. కడుపునొప్పి సోమవారాలు ఇంకా వస్తోంది.

మొండిఘటం:
అంతా బావుంది మేడమ్. ఆ గడియ బాగుచేయించమని స్కూలుకి చెప్పారా లేదా?