మెటార్ మ్యాప్‌లో పాతబడిన రిపోర్టును ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం విమానాశ్రయాల వాతావరణ రిపోర్టులు, అంటే మెటార్లు, పైథాన్‌తో తీసుకుని లీఫ్‌లెట్ (వెబ్ మ్యాపులు చేసే లైబ్రరీ) మ్యాప్ మీద లైవ్‌గా చూపిస్తున్నాను. డేటా అమెరికా ఏవియేషన్ వెదర్ సెంటర్ ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగి తీసుకునే దారి) నుంచి తీసుకుంటున్నా. టైము యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది కాబట్టి మన టైము కోసం ఐదున్నర గంటలు కలిపాను. గాలి నాట్లలో, విజిబిలిటీ మీటర్లలో. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా రిపోర్టు రానప్పుడే. మెటార్ గంటకో అరగంటకో వస్తుంది. మధ్యలో పరిస్థితి బాగా మారితే స్పెసి అనే ప్రత్యేక రిపోర్టు ఇస్తారు. కానీ కడప నుంచో ఓర్వకల్లు నుంచో రిపోర్టు ఆగిపోతే నా మ్యాప్‌లో ఆ విమానాశ్రయం పాత చుక్క పచ్చగా అలాగే ఉండిపోతుంది. చూసేవాళ్లు అదే ఇప్పటి వాతావరణం అనుకుంటారు. మే నెలలో మా వైపు సాయంత్రం మబ్బు పట్టిందంటే దుమ్ముగాలి లేవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ చుక్క రంగు ఎన్ని నిమిషాలకు మార్చాలి, ఎప్పుడు పూర్తిగా తీసేయాలి?

ఇంకోటి. మా సార్ మ్యాప్ మొత్తం రంగులు నింపమంటున్నారు. శంషాబాద్, బెంగళూరు అంకెల మధ్య లెక్కగట్టి అనంతపురం ఉష్ణోగ్రత చూపించడం సరే అనుకుందాం. ఉరుముల మేఘానికి అది ఎలా కుదురుతుంది? నాకైతే తప్పనే అనిపిస్తోంది. దాని బదులు ఇన్‌శాట్-3డీఆర్ అనే మన వాతావరణ ఉపగ్రహం చిత్రాన్ని కింది పొరగా వేద్దామనుకుంటున్నా. చిత్రం టైము, మెటార్ టైము ఒకటి కాకపోతే రెండూ ఎలా చూపిస్తారు? ఇలాంటిది చేసినవాళ్లుంటే కోడ్ ఇవ్వకపోయినా పర్లేదు, పద్ధతి చెప్పండి చాలు.