ఫంక్షన్ లోపల టేబుల్ చదవొచ్చా, వద్దా?

హన్మకొండ కోడర్:
ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి పత్తి బిల్లుల సాఫ్ట్‌వేర్ చేస్తున్నా. పత్తిలో ఎంత తేమ ఉంటే ధరలో ఎంత కోత అనేది టేబుల్‌లో ఉంది, దాన్ని చదివి కోత చెప్పే ఫంక్షన్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాశాను. మా టీమ్ లీడ్ మాత్రం ఫంక్షన్‌లో సెలెక్ట్, అంటే టేబుల్ చదివే ఆదేశం, ఉండనే కూడదు, తీసెయ్ అంటున్నాడు. మీరేమంటారు?

కాజీపేట డీబీఏ:
ఆయన అన్నదే నిజం తమ్మీ. రెండు లక్షల బిల్లుల రిపోర్టులో దాన్ని పిలిస్తే లోపలి సెలెక్ట్ రెండు లక్షల సార్లు నడుస్తుంది, రెండు టేబుళ్లను కలిపే జాయిన్ రాస్తే ఆ చిన్న కోతల టేబుల్‌ను ఒక్కసారి చదివితే సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో ఇదే బాధకు 2019 వెర్షన్‌లో స్కేలార్ (ఒక్క విలువే ఇచ్చే) ఫంక్షన్‌ను క్వెరీలోనే కలిపేసే ఏర్పాటు తెచ్చారు, అదీ అన్ని ఫంక్షన్లకూ కుదరదు.

కరీంనగర్ నుంచి:
అన్నా, రిపోర్టుకు జాయినే, ఒప్పుకుంటా. కానీ మొత్తానికే వద్దంటే ఎట్లా? సీసీఐ (కేంద్రం పత్తి కొనుగోలు సంస్థ) 8 శాతం తేమ లెక్కన ధర కట్టి 12 దాకా కోతతో కొంటుంది, అడ్తి దుకాణాల లెక్క దేనిది దానిదే, సీజన్ మధ్యలో మారుతుంది కూడా. అది కోడ్‌లో రాసి పెడితే మారినప్పుడల్లా ఎవరు దిద్దుతారు?

నా భయమంతా ఫంక్షన్ మీద ఇమ్మ్యూటబుల్, అంటే అదే ఇన్‌పుట్‌కు జవాబు ఎప్పటికీ మారదు, అని రాసుకోవడం గురించే. ఫంక్షన్ జవాబు మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ముందే లెక్కకట్టి దాచే జాబితా) కట్టాలంటే అది కావాలని, టేబుల్ చదివే ఫంక్షన్‌కు నేనే ఆ ముద్ర వేశాను. తర్వాత 11 శాతం తేమకు కోత 90 నుంచి 120కి మార్చారు. ఒక రైతు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు, బిల్లు తెరిస్తే 120 అని కనబడుతుంది, వంద దాటిన కోతలు వెతికితే అదే బిల్లు రాదు. ఇండెక్స్‌లో పాత 90 అట్లాగే ఉంది, పోస్ట్‌గ్రెస్ మన మాట నమ్మింది మరి. రీఇండెక్స్ చేసి ఇండెక్స్ మళ్లీ కట్టాకే దొరికింది.

స్టేబుల్ అని రాయి తమ్మీ, బయటి క్వెరీ చూసే డేటానే లోపల కూడా చూస్తుంది. ఏమీ రాయకపోతే వోలటైల్ అవుతుంది, అంటే పిలిచినప్పుడల్లా అప్పటి తాజా డేటా చూస్తుంది, రిపోర్టు నడుస్తుండగా ఎవరైనా కోత మార్చి కమిట్ చేస్తే సగం బిల్లులు పాత లెక్క, సగం కొత్త లెక్క. ఇంకోటి, బిల్లు కొట్టిన రోజు కోతను బిల్లు వరుసలోనే దాచిపెట్టు, ఇండెక్స్ ఆ కాలమ్ మీద కట్టు.

కాజీపేట డీబీఏ:
కోతను బిల్లులోనే దాస్తే రిపోర్టుకు ఫంక్షన్ ఎందుకు, నేను చెప్పేదీ అదే కదా! బిల్లు కొట్టేటప్పుడు ఒక్కసారి పిలవడానికైతే నాకు అభ్యంతరం లేదు.

హన్మకొండ కోడర్:
ఇప్పుడే చూశాను అన్నా, నాదీ వోలటైల్‌గానే ఉంది. ఈ రాత్రికే మారుస్తా, బిల్లు టేబుల్‌లో కోత కాలమ్ కూడా పెడతా.