అప్‌డేట్: సీసం గుళ్ల మీద ముడతలు పోయాయి

యారాడ బీచ్ రాళ్ల మీంచి గాలం వేయడానికి, దారానికి బరువుగా కట్టేందుకు ఇంట్లో పోసుకుంటున్న సీసం గుళ్లు ముడతలు పడి, సగమే నిండి వస్తున్నాయని కిందటి నెల అడిగాను కదా. సీసంలో మట్టి ఉందనుకున్నాను. తప్పు అచ్చుది. చల్లటి అచ్చులో పోస్తే నిండేలోపే గడ్డకట్టేస్తోంది. మీరు చెప్పినట్టే అచ్చుకున్న నూనెజిడ్డు సబ్బుతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, పొయ్యి పక్కన బాగా వేడెక్కనిచ్చాను. మొదటి నాలుగూ మళ్లీ కరిగించాల్సొచ్చింది. ఐదోది నున్నగా, అంచులు తేరి వచ్చింది! ఎంత ఆనందమేసిందో.

ఎండబెట్టమన్న అన్నయ్యకి చేతులెత్తి దండం. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందులో నీటిచుక్క పడితే ఒక్కసారిగా ఆవిరై, కరిగిన లోహాన్ని మొహం మీదకి చిమ్ముతుంది. మన విశాఖ సముద్రగాలికి ఇనుప డబ్బాలో దాచినా చెమ్మ పడుతుంది. అందుకే ఇసకలోంచి ఏరుకొచ్చిన పాత గుళ్లని ఇప్పుడు పొయ్యి వెలిగించకముందే గిన్నెలో వేసేస్తున్నాను, సీసం కరిగేలోపే తడి ఆరిపోతుంది.

పని డాబా మీదే, గాలికి ఎదురుగా కూర్చోకుండా. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాదు. పాత బ్యాటరీల సీసం మాత్రం ముట్టుకోను, అందులో ఆమ్లం, విషం రెండూ ఉంటాయి. పిల్లలున్న ఇల్లు మాది.