టి.పి. రాజలక్ష్మి ‘కాళిదాస్’ పాటలు, నృత్యం: ఆధారాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

1931 అక్టోబరు 31న విడుదలైన ‘కాళిదాస్’ కథానాయిక టి.పి. రాజలక్ష్మి గురించి సాయం కావాలి. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమాలో ఆమె మాటలు తమిళం, హీరో పి.జి. వెంకటేశన్ మాటలు తెలుగు. ప్రింటు మిగల్లేదు. అప్పటి నైట్రేట్ ఫిల్ము దానంతటదే పాడైపోతుంది, ఇట్టే అంటుకుంటుంది కూడా. అందుకే ఆమె పాటలకూ నృత్యానికీ పాటల పుస్తకాలు, ప్రకటనలు, స్టిల్సే దిక్కు.

పాటల పుస్తకం ఉంటే అట్ట ఒక్కటే కాదు, ప్రెస్సు పేరున్న పేజీ కూడా ఫొటో తీయండి. మళ్లీ అచ్చువేసినదైతే అట్ట చూసి పోల్చుకోలేం. ఆమె పాడిన 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఉంటే లేబుల్ నంబరు చాలదు. లేబుల్‌కీ గాడికీ మధ్య ఖాళీలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగుకు ఇచ్చిన గుర్తు సంఖ్య) కావాలి, లైటు ఏటవాలుగా వేస్తే కనిపిస్తుంది. రీఇష్యూలో లేబుల్ నంబరు మారొచ్చు, అదే రికార్డింగైతే మ్యాట్రిక్స్ సాధారణంగా మారదు.

1936లో ఆమే దర్శకత్వం వహించిన ‘మిస్ కమల’ సామగ్రి ఉన్నా పరవాలేదు, కానీ విడిగా పెట్టండి. ఏ సినిమాదో తెలియని స్టిల్స్ మాత్రం వద్దు, అవే పెద్ద తలనొప్పి. చెన్నైలోని రోజా ముత్తయ్య లైబ్రరీలోగానీ, పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లోగానీ ఇలాంటివి చూసినవాళ్లుంటే, కాపీకి ఎలా అడగాలో చెప్పగలరా?